షుగర్‌బీట్ చెవిలో బిళ్ల

హలో… ఆ… నేనే, అమ్మాయ్. ఎల్డన్‌ని.

లారీలోనే ఉన్నా. అమెరికా సరిహద్దు దగ్గర.

లేదు, ఇంకా దాటలేదు.

రెండు గంటలైంది… ఊహూఁ, క్యూ కాదు. మన లారీని పక్కకి తీయించారు. దిగొద్దన్నారు.

గిత్తలు బాగానే ఉన్నాయి. పదకొండూ నిలబడే ఉన్నాయి. నీళ్లు ఇంతకుముందే పట్టాను.

ఆ, రోడియో షో వాళ్లు వచ్చే ఏడాదికి మళ్లీ రమ్మన్నారు. ఇరవై గిత్తలు కావాలట. సంతకం పెట్టడమే తరువాయి అన్నారు… ఆగు. సంతోషించడానికి టైముంది.

డార్లీన్, ఎక్కడున్నావ్ నువ్వు?

వంటింట్లోనా. పక్కన ఎవరైనా ఉన్నారా?

సరే. కూర్చో.

కూర్చోమంటే కూర్చో.

శనివారం మన షుగర్‌బీట్ గిత్త చెవిబిళ్ల ఊడిపోయింది… షో దగ్గరే, దొడ్లో. గేటు తీగకి చెవి తగిలించుకుని లాక్కున్నాడు. చెవి కొస చీలింది. బిళ్ల ఎక్కడ పడిందో, పేడలో తొక్కేశారు. వెతికాను. దొరకలేదు.

తెలుసు. అక్కడి పశువుల డాక్టరుకి చెప్పాలి. చెప్పలేదు.

ఎందుకంటే ఏముంది. చెబితే కొత్త బిళ్ల, కొత్త కాగితం, దాని మీద ఇద్దరి సంతకాలు. మంగళవారం దాకా అక్కడే పడుండాలి. పదకొండు నోళ్లకి మేత. మన డాలరుతో వాళ్ల ఎండుగడ్డి కొంటే ఎంతవుతుందో నువ్వే లెక్కేసి చెప్పావు కదా, ఆదివారమే బయల్దేరమని… నిన్ననడం లేదు. జరిగింది చెప్తున్నా.

కాఫీ డబ్బాలోంచి ఒక బిళ్ల తీసి వేశాను.

ఏ కాఫీ డబ్బా ఏంటి. సీటు కిందది. పాత బిళ్లలు… చచ్చినవాటివి, కోతకి పోయినవాటివి. మీ నాన్న కాలం నుంచీ అదే కదా పని. ఒకటి ఊడితే ఒకటి వెయ్యడం.

నువ్వూ వేశావ్. పోయినేడు. మెడిసిన్ హాట్ ఊళ్లో షోకి వెళ్లేటప్పుడు. పట్టుకారు నీ చేతిలోనే ఉంది… ఆ, నేను పట్టుకున్నది తల.

సరేలే.

అమ్మడానికి తోలుకుపోతే సుంకం. ఆటకి తోలుకుపోతే సుంకం లేదు, తీసుకెళ్లినవే వెనక్కి తేవాలి. అదీ కాగితం. ముప్పై ఏళ్లుగా వాళ్లు ఏం చూశారు? తలలు. పదకొండు పోయాయా, పదకొండు వచ్చాయా. ప్రతి చెవిలో పసుపు బిళ్ల ఉందా. అంతే. నంబరు చదివినవాడు లేడు. పదిహేనంకెలు. చీమలబారు లాగా ఉంటాయి. నాకు కళ్లద్దాలతో కూడా ఆనవు.

ఇప్పుడు కర్ర పెట్టారు.

మిషన్ కర్ర. చెవి దగ్గర పెడితే కూస్తుంది. నంబరు దానంతటదే లోపల కంప్యూటర్లో పడుతుంది. పోయిన నెల నుంచట. ఒక ఆఫీసరు పిల్ల పట్టుకొచ్చింది. పాతికేళ్లుంటాయి. భయం లేదు, ట్రైలరు సందుల్లోంచి మోచేయి దాకా దూర్చింది. పది కూతలు. పదకొండోదీ అలాగే కూసింది. మంచి గిత్తలండీ మీవి అని నవ్వి లోపలికి పోయింది.

మళ్లీ బయటికొచ్చింది. నవ్వు లేదు. లారీ తాళం అడిగింది.

ఇచ్చాను మరి.

జరిమానా కట్టేద్దామంటావా… నేనూ అలాగే అనుకున్నా. తప్పు బిళ్ల వేశాను, ముసలాణ్ణి, కళ్లు కనబడవు అని చెబుదామనుకున్నా.

ఆ నంబరు ఎవరిదో చెప్పమంటావా?

నది అవతల హాల్వర్ మంద గుర్తుందా?

ఆ. ఆ మందే. ఆరేళ్లయింది.

క్షయ. మూడు ఆవుల్లో దొరికితే మొత్తం చంపమని ఆర్డరొచ్చింది. మూడొందల పన్నెండు. నువ్వప్పుడు లెత్‌బ్రిడ్జ్‌లో చదువుకుంటున్నావ్. వారం పాటు మన రోడ్డు మీదుగానే తోలారు లారీలు. మీ అమ్మ కిటికీ తెరలు వేసి కూర్చుంది.

ఆ మూడొందల పన్నెండులో ఒకదాని నంబరది. వాళ్ల కంప్యూటర్లో అది చచ్చి ఆరేళ్లు. ఇప్పుడు నా ట్రైలర్లో నిలబడి ఎండుగడ్డి నములుతోంది.

నవ్వకు.

లేదు, మిషన్ సరిగ్గానే కూసింది.

తప్పు బిళ్ల అని చెప్పొచ్చు. చెప్పాను కూడా. ఆ పిల్ల నమ్మింది కూడాను. నమ్మి, రెండో ప్రశ్న అడిగింది. ఆ బిళ్ల నీ డబ్బాలోకి ఎలా వచ్చింది అని.

అప్పుడు హాల్వర్ దగ్గర చంపినవాటి చెవులన్నీ కోసి సంచుల్లో వేసి లెక్కపెట్టి పట్టుకెళ్లారట వాళ్లు. ఒకటి తగ్గింది. లెక్క తప్పిందనుకుని ఎవడో వదిలేశాడు. ఆ ఒక్కటే ఇది.

గుర్తు లేదన్నాను. ఆలోచించుకో అని వెళ్లింది.

రోడ్డు మీద దొరికిందని చెప్పాలా? డార్లీన్…

సంతలో దొరికిందనా. ఏ సంత? తేదీ అడుగుతారు. సంత వాళ్లని అడుగుతారు.

నాకు తెలుసు, ఎలా వచ్చిందో.

నేనే కోశాను.

మీ నాన్నా నేనూ. మార్చి నెల. ఆర్డరు చేతికి రావడానికి రెండు రోజుల ముందు. హాల్వర్ మీ నాన్నకి ఫోన్ చేశాడు. ఒక కోడె ఉంది క్లిఫ్, మూడేళ్లది, ఇలాంటిది నా దొడ్లో మళ్లీ పుట్టదు, వాణ్ణి చంపుతుంటే నేను చూడలేను, వచ్చి తోలుకుపో అన్నాడు. డాలరు కూడా తీసుకోలేదు. మీ నాన్న చూసొస్తానని బయల్దేరాడు. చూడ్డానికే. నేనే నడిపాను.

వాడు నిలబడ్డ చోటి నుంచి గేటు దూకాడు. ఐదడుగుల గేటు. పరుగు లేదు, ఏమీ లేదు. నాలుగు కాళ్లూ ఒక్కసారే లేచాయి.

మీ నాన్న టోపీ తీశాడు, మళ్లీ పెట్టుకున్నాడు. నాకప్పుడే తెలిసింది, ఉత్త చేతుల్తో వెనక్కి పోమని.

గుర్రాల ట్రైలర్లో తెచ్చాం. బిళ్ల నేను కోశాను. పొయ్యిలో పారెయ్ అన్నాడు. డబ్బాలో వేశాను… ఎందుకంటే ఏం చెప్పను. కోసిన బిళ్ల డబ్బాలో వెయ్యడం నా చేతికి అలవాటు. మీ నాన్న చెప్పింది చెవికెక్కింది, చేతికెక్కలేదు.

ఆ.

ఆ. వాడే మన డీకన్.

మనకింకో డీకన్ ఎవడున్నాడు. సస్కచెవాన్ సంతలో కొన్నానని మీ నాన్న చెప్పాడు నీకు. ఎవరడిగినా అదే చెప్పమన్నాడు. చెప్పాను.

…

డార్లీన్.

ఉన్నావా?

తిట్టు. నన్ను తిట్టు. ఆయన్ని తిట్టి లాభం లేదు.

పరీక్ష చేయించాడు. తెలిసిన డాక్టరొకడు వచ్చాడు, మెడ కింద సూది వేసి మూడు రోజులాగి చూశాడు. ఏమీ లేదన్నాడు… ఒక్కసారే. హాల్వర్ మందలో కూడా మొదటిసారి ఏమీ లేదనే అన్నారు, ఇంకోసారి చేయిద్దామన్నాను. మీ నాన్న మాట మార్చాడు. ఆ వేసవిలోనే డీకన్ వీపెక్కిన పదిహేడుమందిని పడేశాడు. ఒక్కడూ ఎనిమిది సెకన్లు కూర్చోలేకపోయాడు. ఇంకెవరు చేయిస్తారు పరీక్ష?

షుగర్‌బీట్ వాడి కొడుకు కాదు. మిగతా పదిమందిలో ఏడుగురు వాడి కొడుకులే. ఇంటి దగ్గర వాడి పిల్లలు ఇంకో నలభై మూడు.

తెలుసు నాకు. నేను లెక్కపెట్టాను, ఇక్కడ కూర్చుని.

ఆ. నువ్వన్నదే. నేను నోరు మూసుకుంటే సరిపోతుంది. షుగర్‌బీట్ ఒక్కణ్ణి చంపుతారు, కోసి చూస్తారు. ఏమీ ఉండదు. శుభ్రంగా ఉంటాడు వాడు. ఆ బిళ్ల ఏదో చెత్తలోంచి వచ్చిందనుకుంటారు. నాకు లైసెన్సు పోతుంది, నీకు జరిమానా పడుతుంది, రెండు నెలలు గిత్తల్ని కదలనివ్వరు. తర్వాత అంతా మామూలే.

రెండు గంటలుగా అదే అనుకుంటున్నా.

నిజం చెప్పాలంటే అదే చేద్దామనుకున్నా. నీకు ఇదంతా చెప్పి, మనిద్దరం ఒక మాట మీద ఉందామనే ఫోన్ ఎత్తాను.

వాడెలా ఉన్నాడు?

డీకన్. పొద్దున మేత తిన్నాడా?

సగం… సగం మిగిల్చాడా. వాడు ఎప్పుడూ మిగల్చడు.

దగ్గుతున్నాడా?

నేనడిగినదానికి చెప్పు, అమ్మాయ్.

ఎన్నాళ్ల నుంచి?

ఆగస్టు నుంచా.

నాకెందుకు చెప్పలేదు?

నిజమే. వేసవంతా నేను రోడ్డు మీదే ఉన్నా. దుమ్మనుకున్నావు… ఊఁ. ఆగస్టులో అందరూ దుమ్మనే అనుకుంటారు. నేనున్నా అలాగే అనుకుందును.

పక్కటెముకలు కనబడుతున్నాయా?

ఊఁ.

ఊఁ.

అమ్మాయ్, జూన్‌లో వాడు కంచె తెంచుకుపోయాడు కదా. నువ్వే చెప్పావ్ ఫోన్లో. పొలాల్లో ఉమ్మడిగా బతికే ఆ కాలనీ వాళ్ల పాడి ఆవుల్లో పడి మూడు రోజులున్నాడని.

ఆ కాలనీ పెద్ద, పీటర్ వాల్డ్‌నర్ ఏమన్నాడు? మీ కోడె మాకు అల్లుడైపోయాడు, కట్నం ఏమీ అడగంలే అన్నాడని నవ్వావు. వాణ్ణి తోలుకురావడానికి నువ్వెళితే నూడుల్స్ సూపు పెట్టి, రెండు రొట్టెలు చేతికిచ్చి పంపించారు.

ఆ ఆవుల పాలు వాళ్లు కాచరు.

ఎందుకు కాస్తారు? ఎప్పుడు కాచారు? పితికినవి పితికినట్టే బల్ల మీదికి. ఎనభై మందుంటారు, అందులో సగం పిల్లలే. పొద్దున్నే బల్లకి రెండు పక్కలా వరసగా కూర్చుంటారు, ఒక్కొక్కళ్ల ముందూ ఒక గ్లాసు. నేను చూశాను. ఆ ఇంట్లో నేనూ తాగాను.

తెలీదు. క్షయో కాదో నాకేం తెలుసు, నేను డాక్టరునా. తెలీదు కాబట్టే అంటున్నా.

అయి ఉండకపోవచ్చు.

అయి ఉండకపోవచ్చు, డార్లీన్. అలాగే ఉండనీ. నువ్వు ఆగస్టు అనకపోయుంటే నేనూ అలాగే అనుకుని ఇంటికొచ్చేవాణ్ణి.

ఇక్కడా? ఇక్కడ నా వెనక పశువుల లారీలన్నీ ఆపేశారు. ఆరు. పందుల లారీ కూడా ఆపారు, ఎందుకో. ఒక డ్రైవరు వచ్చి ఏం సంగతి పెద్దాయనా అన్నాడు. కాగితాలన్నా. ఎప్పుడూ కాగితాలే అని తిట్టుకుంటూ పోయాడు.

దక్షిణం నుంచి ఒక కారొచ్చింది. అమెరికా వాళ్లది. ఇద్దరు దిగి ఇటు వాళ్లతో చేతులైనా కలపకుండా తిన్నగా లోపలికి పోయారు. కాసేపాగి నా దగ్గరికి ఒక కాగితం వచ్చింది. షోలో మన పక్క దొడ్లలో ఎవరెవరి గిత్తలున్నాయో రాయమని.

ఏం రాయను. ఓక్లహోమా వాళ్లవి ఓ పక్క. టెక్సాస్‌వి ఓ పక్క. ఆ చివర మెక్సికో నుంచి వచ్చిన రెండు లారీలు. మధ్యలో ఒకటే నీళ్లతొట్టి. నూట అరవై గిత్తలు, నాలుగు రోజులు, ఒకటే తొట్టి. ఆదివారమే అందరూ బయల్దేరారు. ఈపాటికి ఎవరిళ్లకి వాళ్లు చేరుంటారు.

వచ్చే ఏడాది కాంట్రాక్టా…

అమ్మాయ్, నాకు రేపటి సంగతే తెలీదు.

నీ కష్టం తెలుసు. మీ నాన్న పోయాక ఈ గిత్తల్ని అమ్మేస్తావని ఊరంతా అనుకుంది. ఆడపిల్ల గిత్తల్ని ఆడించడమేంటని సంతలో నా మొహం మీదే నవ్వారు. నేను మర్చిపోలేదు. ఆ నలభై మూడింటికీ నువ్వే పేర్లు పెట్టావు.

…

ఏం చేస్తావ్?

మళ్లీ చెప్పు.

పాత కంకర గుంటలోనా.

వద్దు.

డీకన్‌ని తుపాకీతో కాల్చి పూడ్చేస్తే మిగిలిన నలభై మూడింటిని ఏ గుంటలో పెడతావ్? కాలనీ ఆవుల్ని ఏ గుంటలో పెడతావ్?

వాడు లేకపోతే సాక్ష్యం లేదంటావా. నేనున్నాను కదా.

…

ముసలాడా అన్నావ్. ఫర్వాలేదు. ముసలాణ్ణే.

ఆ, ఇల్లు మీ నాన్న ఇచ్చాడు. నువ్వు ఉండనిచ్చావు. ఖాళీ చేస్తాలే. నాకు సామాను తక్కువ.

బెదిరించడం లేదమ్మా. నిన్ను నేనెప్పుడు బెదిరించాను. నీకు ఆరేళ్లప్పుడు దూడ మీద కూర్చోబెట్టి తాడు పట్టుకున్నది నేను. పడితే లేపింది నేను.

జైలా? వేస్తే వేస్తారు. మీ నాన్నని వెయ్యలేరు, మిగిలింది నేను. నీకు తెలీదనే చెబుతా. నిజమే కదా. ఈ పావుగంట క్రితం దాకా నీకు తెలీదు. అది చాలు నీకు. ఇప్పుడు గుంట తవ్వావంటే అది కూడా ఉండదు. ఇది మీ నాన్న చేసిన తప్పు, నేను చేసిన తప్పు. ఇందులో నీ చెయ్యి పెట్టకు.

విను, డార్లీన్.

వినమ్మా.

వాళ్లు బయటికొస్తున్నారు. తెల్ల బట్టల్లో. ముగ్గురు… కాదు, నలుగురు. రబ్బరు బూట్లు. ఆ పిల్ల కూడా ఉంది, మూతికి గుడ్డ కట్టుకుంది. ఇందాక కట్టుకోలేదు.

ట్రైలరు చుట్టూ పసుపు టేపు కడుతున్నారు.

గిత్తలు కొంచెం బెదిరాయి. తన్నుతున్నాయి, వినబడుతోందా. నేను దిగి ఒక మాట అంటే ఊరుకుంటాయి. దిగనివ్వరు.

నువ్వొక్క పని చెయ్యి. డీకన్‌ని కొట్టంలో విడిగా కట్టి తలుపెయ్యి. తర్వాత పీటర్‌కి ఫోన్ చెయ్యి. రేప్పొద్దున పిల్లలకి పాలు పొయ్యొద్దని చెప్పు. ఎందుకని అడిగితే ఎల్డన్ చెప్పాడను. ఇంకేం చెప్పక్కర్లేదు. వాళ్లు ఊరికే ప్రశ్నలు వేసే మనుషులు కారు.

నువ్వు చెయ్యకపోతే నేను చేస్తా. నంబరు నా దగ్గరుంది.

వాళ్లు నిన్ను నాశనం చెయ్యరు, డార్లీన్. రొట్టెలిచ్చి పంపినవాళ్లు వాళ్లు.

…

డార్లీన్?

ఆ చప్పుడేంటి?

ఫ్రిజ్ కాదు. నాకు తెలీదా. మట్టి తవ్వే ట్రాక్టరది. దాని పొగగొట్టం తీగతో కట్టింది నేనే.

ఎప్పుడు బయటికొచ్చావ్? … నేను మాట్లాడుతుంటేనే నడిచావా.

ఆపు. ఆపి దిగు.

దిగు తల్లీ. ఒక్కసారి దిగి నిలబడు. ఊపిరి పీల్చుకో. నీ చేతిలో ఏమీ లేకుండా నిలబడు.

…

మాట్లాడవా.

సరే.

నేను లోపలికి పోతున్నా. హాల్వర్ ఫోన్ సంగతి చెబుతా. గుర్రాల ట్రైలరు సంగతి, కోసిన బిళ్ల సంగతి చెబుతా. డీకన్ పేరు చెబుతా. కంకర గుంట ఏ దారిలో ఉందో కూడా చెబుతా.

లోతుగా తవ్వకు. మళ్లీ తవ్వి తీసేది వాళ్లే, వాళ్లకి శ్రమ.

ఆ… ఆ, వస్తున్నాను ఆఫీసరమ్మా. మోకాళ్లు పట్టేశాయి, మెల్లిగా దిగనీ… గుర్తొచ్చింది. అంతా గుర్తొచ్చింది. చెబుతా.

ఫోనా? మా యజమానురాలు. డార్లీన్.

లేదు, కట్ చెయ్యలేదు. అటువైపు ఇంకా ఉంది.

ఇదిగో, తీసుకో. చెవి దగ్గర పెట్టుకుని విను. ట్రాక్టరు చప్పుడు వినబడుతోందా? ముందు అక్కడికి ఎవరినైనా పంపండి. మిగతాది తర్వాత చెబుతా.